సూరత్ తెలుగువారికి హెచ్చరిక: ఆ పాత కంప్యూటర్ తీగ ఇవాళే పీకండి

లింబాయత్, ఉధ్నా, గోడాదరా, డిండోలి ప్రాంతాల్లో డిజైన్ పని, ఎంబ్రాయిడరీ పని, తెలుగు ప్రింటింగ్ పని చేసుకుంటున్నవారికి ఈ మాట. మీ దుకాణంలో విండోస్ ఎక్స్‌పీతోనో విండోస్ 7తోనో నడిచే పాత కంప్యూటర్ ఉందా? దానికి ఇంటర్నెట్ తీగ తగిలించి ఉందా? ముందు లేచి ఆ తీగ పీకేయండి. వైఫై ఉంటే ఆపేయండి. మిగతాది తర్వాత చదవండి.

ఇంత తొందర ఎందుకో చెబుతాను. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసింది. విండోస్ 7కి 2020 జనవరి 14న ఆపేసింది. విండోస్ 10 వంతు 2025 అక్టోబర్ 14న వచ్చింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా మరమ్మతులు ఇస్తామని మాత్రం ప్రకటించింది. మద్దతు ఆగినంత మాత్రాన కంప్యూటర్ ఆగదు. అందుకే ప్రమాదం కంటికి కనిపించదు. అది రోజూలాగే పొద్దున ఆన్ అవుతుంది, డిజైన్ తెరుస్తుంది, ఫ్లాపీ రాస్తుంది. లోపల మాత్రం కొత్తగా బయటపడిన ప్రతి కన్నమూ పూడ్చేవాడు లేక తెరిచే ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త విండోస్‌కు నెలనెలా వచ్చే మరమ్మతులను దొంగలు కూడా చూస్తారు. ఏ లోపాన్ని సరిచేశారో చూసి, అదే లోపం పాత విండోస్‌లోనూ ఉందేమో వెతుకుతారు. కొత్త కంప్యూటర్‌ను కాపాడే మరమ్మతే పాత కంప్యూటర్‌లోకి దారి చూపిస్తుందన్నమాట.

‘నడుస్తోంది కదా, ముట్టుకోకు.’ పాత కంప్యూటర్ ఉన్న కార్ఖానాల్లో తరచూ వినపడే మాట ఇది. అన్నవారిని తప్పుపట్టలేం. పదిహేనేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్‌ను కదిలిస్తే ఏది ఊడుతుందో తెలియదు, ఊడితే బాగుచేసేవాడు దొరకడు, పని ఆగితే సేఠ్ ఊరుకోడు. భయం సహేతుకమే. కానీ ముట్టుకోకుండా ఉంచితే అది అలాగే ఉండిపోతుందనుకోవడం పొరపాటు. హార్డ్‌డిస్క్ అరుగుతూనే ఉంటుంది, ఫ్లాపీకి బూజు పడుతూనే ఉంటుంది, దాన్ని నడపడం తెలిసిన మనిషికి వయసు మీద పడుతూనే ఉంటుంది.

అసలు సూరత్‌లో కంప్యూటర్ ఎక్కడ అవసరమవుతుందో ముందు చూద్దాం. మామూలు సాంచాకు, అంటే మరమగ్గానికి, దాంతో పనిలేదు. గ్రే బట్ట నేసే మగ్గం మోటారుతో నడుస్తుంది, చెడిపోతే మాస్టర్ పానా పట్టుకుని బాగుచేస్తాడు. కంప్యూటర్ వచ్చేది డిజైన్ దగ్గర. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో రంధ్రాల అట్టలతో నడిచే మగ్గాన్ని తెచ్చాడు. ఆ అట్టలు ఈ రోజుకీ చదవొచ్చు. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ఏ దారం లేస్తుందో, ఏది కిందే ఉంటుందో కళ్లతోనే తెలుస్తుంది. 1983లో బోనస్ కంపెనీ ఎలక్ట్రానిక్ జకార్డ్‌ను చూపించాక అట్టల పని క్రమంగా ఫైల్ చేతికి వెళ్లింది. ఫైల్‌ను కంటితో చదవలేం. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ కావాలి, సాఫ్ట్‌వేర్‌కు అది పుట్టిన విండోస్ కావాలి, ఆ విండోస్‌కు దాన్ని ఒప్పుకునే మదర్‌బోర్డు కావాలి. ఇందులో ఏ ఒక్కటి తెగినా డిజైన్ పోయినట్టే.

ఎంబ్రాయిడరీలో పరిస్థితి ఇంకా సున్నితం. పాత బహుతలల మెషీన్లు చాలావరకు మూడున్నర అంగుళాల ఫ్లాపీని చదివేవి. ఒక ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. సోనీ సంస్థ 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. ఇప్పుడు దొరికేది పాత సరుకే. కొందరు తెలివిగా ఫ్లాపీ డ్రైవ్ తీసేసి, పెన్‌డ్రైవ్‌ను ఫ్లాపీగా భ్రమింపజేసే ఎమ్యులేటర్ పెట్టుకున్నారు. మంచి పనే. కానీ డిజైన్‌ను పంచింగ్ చేసే సాఫ్ట్‌వేర్ ఇంకా పాత కంప్యూటర్‌లోనే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ నడవాలంటే వెనక పోర్టులో డాంగిల్ అనే చిన్న తాళంచెవి లాంటి పరికరం గుచ్చి ఉండాలి. కొన్ని డాంగిళ్లు ప్రింటర్ తగిలించే 25 పిన్నుల పోర్టుకు చేసినవి, అలాంటి పోర్టు ఇప్పటి కంప్యూటర్లకు రావడం లేదు. డాంగిల్ కాలిపోయిన రోజున డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా తెరుచుకోదు. అమ్మిన కంపెనీ మూతపడి ఉంటే అడగడానికి మనిషి ఉండడు.

తెలుగువారికి ఇది రెండింతల సమస్య. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు సూరత్‌కు తరలివచ్చిన చరిత్ర తెలిసిందే. చేనేత కుదేలయ్యింది. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహీ మిల్లు చిక్కి చిక్కి 2002లో మూతపడింది. ఇక్కడ సాంచా దొరికింది, కూలి దొరికింది, తర్వాతి తరంలో కొందరికి డిజైన్ కుర్చీ కూడా దొరికింది. సూరత్ మున్సిపల్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఇక్కడ మన జనం ఎంతగా స్థిరపడ్డారో అర్థమవుతుంది. జనం ఉన్నచోట లగ్నపత్రిక ఉంటుంది, సంఘం కరపత్రం ఉంటుంది, బతుకమ్మ ఆహ్వానం ఉంటుంది, పెద్దకర్మ కార్డు ఉంటుంది. అవన్నీ కూర్చిన పేజ్‌మేకర్, అనూ స్క్రిప్ట్ ఫైళ్లు కూడా అవే పాత కంప్యూటర్లలో ఉన్నాయి. మన జీవనోపాధి, మన అక్షరం రెండూ ఒకే హార్డ్‌డిస్క్‌లో ఇరుక్కున్నాయి.

ఆ హార్డ్‌డిస్క్‌కు ఉన్న ముప్పుల్లో ముందు దాడి సంగతి. 2017 మే 12న వన్నాక్రై అనే పురుగు ప్రపంచం మీద పడింది. రెండు మూడు రోజుల్లో 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను పట్టింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం వంటి జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లే చిక్కుకున్నాయి. గుజరాత్‌లో ప్రభుత్వ నెట్‌వర్కుకు కలిసి ఉన్న కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి.

ఆ పురుగు దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే మరమ్మతు ఇచ్చింది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆ మరమ్మతు వేసుకోని విండోస్ 7 కంప్యూటర్లని తర్వాత తేలింది. ఎక్స్‌పీ అప్పటికే మద్దతు పోయినది కావడంతో, దాడి జరిగాక దానికోసం మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ఒక మరమ్మతు విడుదల చేయాల్సి వచ్చింది. అది అరుదుగా చేసిన మినహాయింపు. మళ్లీ చేస్తుందని నమ్ముకుని కూర్చోలేం. ఆనాడు మరమ్మతు ఉండి కూడా వేసుకోనివారు నష్టపోయారు. ఈనాడు ఎక్స్‌పీ, 7 వాడేవారికి వేసుకుందామన్నా మరమ్మతు రాదు.

‘మా దగ్గర ఏముంది దోచుకోవడానికి? నాలుగు చీర డిజైన్లు.’ ఇలా అనేవారు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. వన్నాక్రై లాంటి పురుగు ఎవరి దగ్గర ఏముందో చూసి రాదు. తలుపు తెరిచి ఉందా లేదా అన్నదే చూస్తుంది. దానికి మీ డిజైన్ అక్కర్లేదు, మీకు ఆ డిజైన్ ఎంత అవసరమో అంతే దానికి కావాలి. దీపావళి సీజన్‌కు ఆర్డర్లు పట్టుకుని కూర్చున్న మనిషి ఫైళ్లు తాళం పడితే ఏం చేస్తాడు? అడిగినంత కడతాడు. కట్టినా ఫైళ్లు తిరిగొస్తాయన్న భరోసా లేదు.

జీఎస్టీ వచ్చాక ఈ ముప్పు మరింత పెరిగింది. 2017 జూలైకి ముందు చిన్న కార్ఖానాలో డిజైన్ కంప్యూటర్‌కు ఇంటర్నెట్‌తో పెద్దగా పని ఉండేది కాదు. ఆ తర్వాత రిటర్నులు దాఖలు చేయాలి, బిల్లులు పంపాలి, బ్యాంకు లావాదేవీలు చూడాలి. రెండో కంప్యూటర్ కొనే స్తోమత లేని ఆసామి ఉన్నదానికే తీగ తగిలించాడు. గూగుల్ క్రోమ్ 2016లోనే ఎక్స్‌పీకి కొత్త కూర్పులు ఆపేసింది. విండోస్ 7కి 109వ కూర్పే చివరిది. అంటే బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతున్న బ్రౌజర్‌కు కూడా ఏళ్లుగా మరమ్మతు లేదు. డిజైన్ల కంప్యూటర్‌లో బ్యాంకు పని చేయొద్దు. ఇది సలహా కాదు, బతిమాలుకుంటున్నాను. బ్యాంకు, జీఎస్టీ పనులకు మద్దతు ఉన్న ఫోనో, ఇంకో కంప్యూటరో వాడండి.

తీగ పీకినంత మాత్రాన పని అయిపోలేదు. పెన్‌డ్రైవ్ మిగిలింది. పంచింగ్ చేసినవాడి దగ్గర్నుంచి కార్ఖానాకు, కార్ఖానా నుంచి సేఠ్ దగ్గరికి, అక్కడి నుంచి ఇంకో కార్ఖానాకు రోజంతా తిరిగేది అదే. 2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ అనే పురుగు ఎక్స్‌పీ కంప్యూటర్లను పట్టి, పెన్‌డ్రైవ్‌లు ఎక్కి ఊళ్లు తిరిగింది. అందుకని పాత కంప్యూటర్‌కు ఒక పెన్‌డ్రైవ్ ప్రత్యేకంగా కేటాయించండి. బయటి నుంచి వచ్చిన ఫైల్‌ను ముందు కొత్త కంప్యూటర్‌లో పరీక్షించి, ఆ తర్వాతే ఈ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. బయటివాళ్ల పెన్‌డ్రైవ్‌ను నేరుగా గుచ్చనివ్వొద్దు. చుట్టమైనా సరే, సేఠ్ కొడుకైనా సరే.

ఇక ఏ దొంగా రాకుండానే జరిగే నష్టం. సూరత్ ఎలాంటి ఊరో సూరత్‌లో ఉన్నవారికి చెప్పక్కర్లేదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగం మునిగింది. నేల అంతస్తుల్లో ఉన్న సామానంతా బురదపాలైంది. 2025 ఫిబ్రవరిలో రింగ్ రోడ్డులోని శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్ తగలబడి వందలాది దుకాణాలు బూడిదయ్యాయి. అలాంటి రోజున సరుకుకు బీమా ఉంటే ఎంతో కొంత వస్తుంది. హార్డ్‌డిస్క్‌లోని ఇరవై ఏళ్ల డిజైన్లకు బీమా ఎవరూ ఇవ్వరు. వరదా మంటా రాకపోయినా వానాకాలపు తేమ ఉంది, ఎండాకాలపు వేడి ఉంది, గాలిలో నూలు దుమ్ము ఉంది, కరెంటు ఎగుడుదిగుళ్లు ఉన్నాయి. పాత మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బుతాయి. నాణెం ఆకారంలో ఉండే సెల్ అయిపోతే కంప్యూటర్ తేదీని, కొన్నిసార్లు తన డిస్క్ అమరికనూ మరిచిపోతుంది. ఆ సెల్ పేరు సీఆర్2032, ఖరీదు కొద్ది రూపాయలు. అది అయిపోయినందుకే కంప్యూటర్ చచ్చిపోయిందనుకుని పారేయొద్దు.

ఇప్పుడు అక్షరం గురించి. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే డిజైన్ పోతే మళ్లీ గీయొచ్చు, వచనం పోతే మళ్లీ రాయలేం. అనూ వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం నిజానికి తెలుగు అక్షరంగా దాచలేదు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తలకట్టు, కొమ్ము, గుడి, ఒత్తు వంటి ముక్కలు పెట్టి, వాటిని పక్కపక్కన పేర్చి అక్షరంలా కనిపించేలా చేశారు. ఆ కాలానికి అది గొప్ప ఉపాయం. తెలుగు పత్రికలు, పుస్తకాలు, లగ్నపత్రికలు దాని మీదే నడిచాయి. కానీ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైల్ తెరిస్తే అర్థంలేని గుర్తుల వరస కనిపిస్తుంది. అందులో వెతకలేం, సరిచేయలేం, ఫోన్‌లో పంపలేం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ ఫాంట్ కూడా వచ్చింది. అంటే దారి అదే కంప్యూటర్‌లో ఉంది, చేతి అలవాటు మాత్రం అనూలోని ఆపిల్ కీబోర్డు వరస మీద, పేజ్‌మేకర్ మీద స్థిరపడిపోయింది.

పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7.0 చివరి పెద్ద కూర్పు. దాని స్థానంలో అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వరకు పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకునేవి. ఆ పైన వచ్చిన కూర్పులు వాటిని తెరవవు. కాబట్టి ఎక్స్‌పీ కంప్యూటర్ పని చేస్తున్నన్నాళ్లే ఆ ఫైళ్లను బయటికి తీయడం సులువు. ప్రతి ఫైల్‌నూ పీడీఎఫ్ చేయండి, కనీసం చూసి చదువుకోవడానికి మిగులుతుంది. వచనాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. అవి ఒత్తుల దగ్గర తడబడతాయి, కాబట్టి మార్చినదాన్ని మనిషి కూర్చుని చదివి దిద్దాల్సిందే. లిబ్రేఆఫీస్, స్క్రైబస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు పేజ్‌మేకర్ ఫైళ్లను కొంతవరకు తెరవగలవు. వీరభద్రుడి జాతర కరపత్రమైనా, సంఘం నలభై ఏళ్ల లెక్కల నివేదికైనా, ఎవరో పెద్దాయన రాసి ముద్రించుకున్న పద్యాల పుస్తకమైనా మనం మార్చుకుంటేనే నిలుస్తుంది.

డిజైన్ ఫైళ్ల విషయంలో ఒక జాగ్రత్త. తజిమా మెషీన్ల కోసం వచ్చిన డీఎస్‌టీ ఫైల్‌ను చాలామంది డిజైన్‌గా భావించి అదొక్కటే దాచుకుంటున్నారు. ఆ ఫైల్‌లో ఉండేది సూది ఎటు కదలాలి, ఎక్కడ రంగు మార్చాలి అన్న ఆదేశాలు మాత్రమే. ఏ రంగు దారమో కూడా అందులో ఉండదు. దాన్ని పెద్దది చేసినా చిన్నది చేసినా కుట్టు పలచబడటమో గట్టిపడటమో జరుగుతుంది. అసలు పంచింగ్ చేసిన మూల ఫైల్, దాంతోపాటు డీఎస్‌టీ, దాంతోపాటు రంగుల చీటీ, తయారైన గుడ్డ ఫొటో, ఈ నాలుగూ ఒకేచోట పెట్టుకోవాలి. జకార్డ్ డిజైన్ అయితే బీఎంపీ బొమ్మగా కూడా దాచండి, దాన్ని ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. డీఎస్‌టీలను చదవడానికి, రాయడానికి ఇంక్‌స్టిచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లినక్స్ మీద కూడా పనిచేస్తుంది.

ఇంతకన్నా పెద్ద నష్టం మనుషుల రూపంలో జరుగుతోంది. ఏ డ్రైవర్ ఏ సీడీలో ఉంది, ఏ పోర్టులో ఏ డాంగిల్ పెట్టాలి, డిజైన్ ఎక్కకపోతే ముందు ఏం చూడాలి, ఏ సంవత్సరపు ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి, ఇదంతా ఏ కాగితం మీదా లేదు. ఒక్క మనిషి తలలో ఉంది. ఆయన పిల్లలు ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లారు. ఆయనకు కంటిచూపు తగ్గుతోంది. వచ్చే పండక్కి ఊరెళ్లి అక్కడే ఉండిపోతానంటున్నాడు. అలాంటివారు లింబాయత్‌లో ఒకరుంటారు, ఉధ్నాలో ఒకరుంటారు, ఒకరికొకరు తెలియదు. ఒకరి దగ్గర పనికిరాకుండా పడి ఉన్న మదర్‌బోర్డు ఇంకొకరి మెషీన్‌కు ప్రాణం పోయగలదని ఇద్దరికీ తెలియదు.

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను మనుషులు కలిసి బతికించుకున్న ఉదాహరణలు లోకంలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ డాస్‌ను వదిలేయబోతోందని తెలిసి, 1994లో అమెరికాలో జిమ్ హాల్ అనే విద్యార్థి, మనమే ఒక డాస్ రాసుకుందాం రండి అని పిలుపునిచ్చాడు. అలా పుట్టిన ఫ్రీడాస్ తొలి పూర్తి కూర్పు 2006లో వచ్చింది, 1.4 కూర్పు 2025లో వచ్చింది. ముప్పై ఏళ్లు గడిచినా పాత డాస్ ప్రోగ్రాములు నడుపుకోవాల్సినవారికి అది ఆసరాగా ఉంది. బీఓఎస్ అనే వ్యవస్థను తయారుచేసిన కంపెనీ 2001లో చేతులెత్తేస్తే, వాడుకరులు దాన్ని మళ్లీ మొదటినుంచి రాయడం మొదలుపెట్టారు, హైకూ పేరుతో ఇంకా రాస్తూనే ఉన్నారు. విండోస్ ప్రోగ్రాములు నడిచేలా రియాక్ట్ఓఎస్ అనే ప్రయత్నం కూడా 1990ల నుంచి సాగుతోంది, కానీ రోజువారీ పనికి అప్పగించేంత స్థిరత్వం దానికింకా రాలేదు.

అయితే ఎక్స్‌పీని మనం అలా బతికించుకోలేం. దాని మూలకోడ్ మైక్రోసాఫ్ట్ సొత్తు. లోపం కనిపించినా సరిచేసే హక్కూ లేదు, వీలూ లేదు. ఎవరో ఎక్స్‌పీకి కొత్త మరమ్మతులు ఇస్తామన్నా, క్రాక్ చేసిన కొత్త ఎక్స్‌పీ సీడీ అమ్ముతామన్నా, కీ లేకుండా యాక్టివేట్ చేసే ప్రోగ్రామ్ ఇస్తామన్నా దగ్గరికి రానివ్వొద్దు. పురుగు లోపలికి వచ్చే తేలికైన దారుల్లో అదొకటి. ఎక్స్‌పీకి మిగిలిన మార్గం ఒక్కటే: ప్రపంచంతో సంబంధం తెంచి, ఆ ఒక్క పనికే పరిమితం చేసి, దాని నకలు భద్రంగా తీసిపెట్టుకోవడం. రోజువారీ జీవితాన్ని, అంటే ఉత్తరాలు, లెక్కలు, తెలుగు రాత, బ్యాంకు, వీటన్నిటినీ మరమ్మతులు అందుతున్న వ్యవస్థ మీదికి మార్చుకోవాలి.

అలాంటి వ్యవస్థను తెలుగులోకి తెచ్చిన ప్రయత్నమూ ఉంది. హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ ఉద్యమం డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది. విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని మెనూలను, సందేశాలను తెలుగులోకి మార్చారు. డబ్బు కట్టక్కర్లేదు, మూలకోడ్ అందరిదీ. వరంగల్ నుంచి సూరత్ వచ్చి గుజరాతీ, హిందీ నేర్చుకున్న మనిషి కంప్యూటర్ కోసం ఇంగ్లిష్ కూడా నేర్చుకోవాలన్న నిర్బంధం ఉండకూడదన్నదే దాని ఆశయం అని నేను అర్థం చేసుకున్నాను. అంత గొప్ప ప్రయత్నానికి కావాల్సింది వాడేవాళ్లు. వాడేవాళ్లు తగ్గితే తప్పులు చెప్పేవారుండరు, తప్పులు చెప్పేవారు లేకపోతే సరిచేసేవారుండరు. మూలకోడ్ మన చేతిలో ఉన్నా, మనం లేకపోతే అదీ నిలవదు. సూరత్ తెలుగువాళ్లు వందమంది దాన్ని పట్టుకుంటే దానికీ బలమే, మనకీ బలమే.

ఇక్కడ కూడా గడువు ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి పాత 32-బిట్ ఇంటెల్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్ ఆపేశారు. మరీ పాత మెషీన్లకు 12వ కూర్పే ఆఖరి మజిలీ. కాబట్టి ఉచిత వ్యవస్థ ఎప్పుడైనా ఉంటుందిలే అని దీన్ని కూడా వాయిదా వేయొద్దు. విండోస్ 10 ఆగిపోయి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదన్న కారణంగా విండోస్ 11 ఒప్పుకోని కంప్యూటర్లు చాలామంది దగ్గర ఉన్నాయి. అవి దాదాపు అన్నీ 64-బిట్‌వే. వాటిని పాత ఇనుముకు అమ్మొద్దు. వాటిలో డెబియన్ గానీ దాని మీద కట్టిన తెలుగు వ్యవస్థ గానీ హాయిగా నడుస్తుంది.

చేయాల్సిన పని వరసగా చెబుతాను. ముందు నకలు. క్లోన్‌జిల్లా అనే ఉచిత సాధనంతో మొత్తం హార్డ్‌డిస్క్‌ను యథాతథంగా నకలు తీయొచ్చు. రెండు నకళ్లు తీసి ఒకటి కార్ఖానాలో, ఇంకొకటి వేరే పేటలో ఉన్న బంధువుల ఇంట్లో, వీలైతే ఎత్తైన అంతస్తులో పెట్టండి. హార్డ్‌డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే పదేపదే ఆన్ చేసి చూడొద్దు, ప్రతిసారీ ఇంకొంత పోతుంది. డీడీరెస్క్యూ వంటి సాధనం తెలిసినవారికి అప్పగించండి. తర్వాత డాంగిల్, డ్రైవర్ సీడీలు, లైసెన్స్ కీలు ఒక పెట్టెలో పెట్టి, ఏది దేనిదో తెలుగులో చీటీ రాసి అంటించండి. ఆ తర్వాత మెషీన్ నడిపే విధానాన్ని ఫోన్‌లో వీడియో తీయండి. ఆన్ చేసిన దగ్గర్నుంచి డిజైన్ మెషీన్‌కు ఎక్కేదాకా, పెద్దాయన మాట్లాడుతూ చూపిస్తుంటే తీయాలి. కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి అందులో నెట్‌వర్క్ లేకుండా ఎక్స్‌పీని నడపడం కూడా సాధ్యమే. కంప్యూటర్‌తో పాటే వచ్చిన ఓఈఎం లైసెన్సు వేరే మెషీన్‌కు మారదన్న నిబంధన ఉంది కాబట్టి మీ దగ్గర ఉన్నది ఏ లైసెన్సో ముందు చూసుకోండి.

ఇది ఒక్కొక్కరు విడివిడిగా చేయగలిగింది కాదు. పద్మశాలి సంఘాలు, సూరత్‌లోని తెలుగు సంఘాలు నెలలో ఒక ఆదివారం ఈ పనికి కేటాయించాలి. ఎవరి దగ్గర ఏ మెషీన్, ఏ సాఫ్ట్‌వేర్, ఏ విడిభాగం ఉందో ఒక పట్టిక రాయాలి. తెలిసిన పెద్దలకు ఆ రోజు కూలి కట్టివ్వాలి. వాళ్ల జ్ఞానాన్ని ఉచితంగా తీసుకోవడం మర్యాద కాదు. సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థ ఈ ఊళ్లోనే ఉంది, అక్కడ చదివే తెలుగు పిల్లలను పిలవండి. నకలు తీయడం వాళ్లకు గంట పని. కృత్రిమ నూలు బట్టల పరిశోధన సంస్థ మంత్రా కూడా ఇక్కడే ఉంది, డిజైన్ ఫైళ్ల భద్రత దాని పనిలో భాగం కావాలని పరిశ్రమ సంఘాలు గట్టిగా అడగాలి.

తెలంగాణ ప్రభుత్వానికి కూడా ఒక మాట. సూరత్, భీవండి, షోలాపూర్‌లకు వలసపోయిన నేతన్నలను వెనక్కి రప్పించాలన్న ఉద్దేశంతో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన చేశారు. తిరిగివచ్చే మనిషి చేతుల్తో మాత్రమే రాడు, రాకూడదు. ఇరవై ముప్పై ఏళ్లుగా చేసిన డిజైన్లతో రావాలి. వాటిని కాపాడే చిన్న పథకం, నకళ్లు దాచే ఒక సర్వర్, ఫైళ్లు మార్చే నలుగురు ఉద్యోగులు, ఇంతకు మించి ఖర్చు లేదు. స్థలం, షెడ్డు, సబ్సిడీల లెక్కల్లో దీన్ని కూడా చేర్చాలి.

ఇప్పటికే ఫైళ్లకు తాళం పడి, తెర మీద డబ్బు అడిగే సందేశం కనిపిస్తే కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయండి, పక్క కంప్యూటర్లను కూడా విడదీయండి. డబ్బు కట్టకండి. బ్యాంకు ఖాతాలో సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తాళం పడిన డిస్క్‌ను తుడిచేయకుండా పక్కన పెట్టండి. కొన్ని రకాల తాళాలకు తర్వాతి రోజుల్లో తాళంచెవులు బయటికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

చివరగా, ఇల్లు మారుతున్నవారికి, తండ్రి పోయాక దుకాణం ఖాళీ చేస్తున్న పిల్లలకు. పాత సామాన్లవాడు తలుపు దగ్గర నిలబడి ఉన్నా సరే, ఆ కంప్యూటర్ డబ్బాలోంచి హార్డ్‌డిస్క్‌ను విప్పి తీయండి, వెనక పోర్టులో గుచ్చి ఉన్న చిన్న డాంగిల్‌ను కూడా తీయండి. రెండూ ఒక సంచిలో వేసి, మీద నాన్న పేరు, కార్ఖానా పేరు, చేసిన పని రాసి, మీ సంఘం ఆఫీసులో అప్పగించండి. డబ్బాను అమ్ముకోవచ్చు.